ఎరుపు తగ్గేదాకా

మయూరికి సాక్సు తిరగేసి తొడిగినందుకు పొద్దున్నే అత్తాకోడళ్లకు మాటామాటా పెరిగింది. కుట్టు బయటికి కనపడితే బడిలో నవ్వుతారని సుమన అంటే, లోపలుంటే కాలిపర్ కింద ఒరుసుకుంటుందని అత్త ఇందుబాయి పట్టుబట్టింది.

"నవ్వితే నవ్వనీ. చర్మం పోతె మళ్ల ఏడికెల్లి దెస్తవు?"

పోలియో వచ్చిన ఎడమ కాలికి ఇనుప కడ్డీల, తోలు పట్టీల ఆ కాలిపర్ కడితేగాని తొమ్మిదేళ్ల మయూరి నడవలేదు. సాయంత్రం అది విప్పగానే ఇందుబాయి మనవరాలిని వాకిట్లో వెలుతురుకు కూర్చోబెట్టి, పట్టీలు తగిలిన చోటల్లా చూసేది. ఎరుపు పావుగంటలో పోతే సరే. పోకపోతే మరునాడు కాలిపర్ లేదు. ఇదంతా చాదస్తమనుకునేది సుమన.

ఆరోజే ఇందుబాయి ధర్మాబాద్‌లో చెల్లెలింటికి వెళ్లింది. ఆ వారమే బడిలో గ్యాదరింగ్, అదే వార్షికోత్సవం. మయూరి స్టేజీ మీదికి తానే నడిచివెళ్లి మరాఠీ పద్యం చెప్పాలి. నెల నుంచీ అదే ధ్యాస. కాలిపర్ జారుతోందంటే సుమన పట్టీని ఒక రంధ్రం బిగించింది. సాయంత్రాలు విప్పాక కాలు చూడనూ లేదు, అడగనూ లేదు.

మూడోనాటి సాయంత్రం ఇందుబాయి తిరిగొచ్చింది. కాలు చూడబోతే ఏమీ లేదంటూ మయూరి గౌను కిందికి లాక్కుంది. ముసలామె ఊరుకోలేదు. మోకాలి కింద రూపాయి బిళ్లంత ఎరుపు. బొటనవేలితో నొక్కి వదిలితే తెల్లబడలేదు. అరగంటైనా తగ్గలేదు.

ఇందుబాయి కోడలిని ఒక్క మాటా అనలేదు. ఆ చోట ఉత్త నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది తుడిచింది. పట్టీ లోపలి అంచు వేలితో తడిమి, చిరిగిన తోలు చూపించి, చెప్పులు కుట్టేవాడి దగ్గర మెత్తటి గుడ్డ వేయించమంది. నాలుగు రోజులు కాలిపర్ కట్టొద్దంది.

గ్యాదరింగ్ ఎల్లుండే. మయూరి గోడవైపు తిరిగి పడుకుంది. కట్టేది పది నిమిషాలకేగా అన్న మాట సుమన నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఎరుపును చూసిన కళ్లతో అత్త ముఖంలోకి చూసి మింగేసింది. ఇన్నాళ్లూ ఆ కాలికి పుండు పడకుండా కాచింది ఎవరో ఆమెకు అప్పుడు తెలిసింది.

జొన్నరొట్టెలకు అందరూ కూర్చున్నాక, గ్యాదరింగ్ వాయిదా వేయమని టీచరును అడగనా అన్నాడు తండ్రి రాజారాం. మయూరి ముక్క తుంచి, బాపమ్మ ఇందుబాయి వైపు చూడకుండానే చెప్పింది.

"వద్దు బాపూ. ఎల్లుండి నువ్వే నన్ను ఎత్తుకపోయి స్టేజి మీద కుర్చీల కూసోబెట్టు. కూసొనే చెప్త. ఎరుపు పోయినంక నడుస్త."