వెనక్కి వెళ్ళిన గుర్రం

ఎర్గాష్ కొక్కెం కర్ర ఎత్తి, గోడమీది పెద్ద చదరంగం పలక నుంచి తెల్లబంటును ఊడదీసి జేబులో వేసుకున్నాడు. మర్గిలాన్ పట్టుమిల్లు క్లబ్బులో పందొమ్మిదేళ్ళుగా అతని పని ఇదే: బల్లల దగ్గర ఆడిన ఎత్తులను జనానికి గోడమీద చూపించడం. అంతకుముందు రంగుల తొట్ల దగ్గర పనిచేశాడు. గోళ్ళ మొదళ్ళలో ఆ నీలం ఇంకా పోలేదు. కర్ర ఎత్తీ ఎత్తీ కుడి భుజం కాస్త పైకి లేచిపోయింది.

"ఆ బల్లమీంచి కళ్ళు తిప్పవేం అన్నా?" అన్నాడు పోటీ నడిపే సాబిర్, గొంతు తగ్గించి. "ఆడేది నువ్వా, నీ శిష్యురాలా?"

ఎర్గాష్ కర్రను గోడకు ఆనించాడు. ఆరో ఎత్తులో ఆ బంటును బలివ్వడం అతను కనిపెట్టిందే. తిండి వేళల్లో, భార్య పోయాక ఖాళీ ఇంట్లో, ముప్పై ఏళ్ళు దాన్నే తిప్పి తిప్పి చూశాడు. పత్రికకు రాస్తే జవాబు రాలేదు. పెద్ద పోటీల్లో ఎవరూ ఆడలేదు. ఇవాళ అతని శిష్యురాలు మొహిరా ఆడింది. ముప్పై రెండేళ్ళ బడిపంతులమ్మ. గెలిస్తే మాస్టర్ బిరుదు. ఓడితే, మూడేళ్ళు బతిమాలితే బడినుంచి దొరికిన ఈ సెలవు మళ్ళీ దొరకదు.

ఎదుటి తాష్కెంటు అమ్మాయి నలభై నిమిషాలు చెంపలు పట్టుకుని కూర్చుంది. తరువాత తన గుర్రాన్ని, అది బయలుదేరిన గడికే, వెనక్కి లాగేసింది. అంతే. మొహిరా తెల్లపావులకు కొట్టడానికి ఏమీ మిగలలేదు, పోయిన బంటు పోయింది. ఆ నల్లగుర్రాన్ని గోడమీద వెనక్కి తగిలించవలసింది ఎర్గాషే. తగిలించాడు.

ఇరవై నాలుగో ఎత్తుకు మొహిరా ఓటమి ఒప్పుకుని గడియారం ఆపేసింది.

నడవలో ఆమెకు టీ పోసిచ్చాడు. ఆమె ముట్టుకోలేదు.

"అన్నేళ్ళు చూశారు కదా మాస్టారూ. గుర్రం వెనక్కి వెళ్తుందని తట్టనేలేదా?"

"తట్టింది."

"ఎప్పుడు?"

"పదకొండేళ్ళయింది."

కోటు గుండీల మీద ఆమె వేళ్ళు ఆగిపోయాయి. "మరి నాకు చెప్పలేదే?"

"చెప్తే నువ్వు ఆడవు కదమ్మా. ఆ జవాబు ఎవరికీ దొరకదులే అనుకున్నా."

మొహిరా మిగిలిన గుండీలు పెట్టుకుంది.

"నాలుగున్నరకి బస్సుంది," అంది.

సెలవు తీసుకునేటప్పుడు ఎప్పుడూ గుండెమీద చెయ్యి పెట్టి తల వంచే మనిషి, ఈసారి సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది. మళ్ళీ మర్గిలాన్ రాలేదు.

అందరూ వెళ్ళాక ఎర్గాష్ పావులు సర్దుతూ ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. ఎత్తులు రాసుకున్న కాగితం నకలు అక్కడే ఉండిపోయింది. పైన, ఆట మొదటి ఎత్తుల వరసకు, అంటే ఆరంభానికి, పేరు రాయవలసిన గీతమీద, ఆట మొదలయ్యే ముందే రాసినట్టుంది, బడిపిల్లలకు దిద్దబెట్టే గుండ్రటి అక్షరాల్లో: ఎర్గాష్ ఆరంభం.