జింకు లేని సంచి

ఆసుపత్రి కింది అంతస్తులో, నరాల్లోకి ఎక్కించే ఆహారాన్ని సంచుల్లో కలపడం నా పని. చక్కెర, కొవ్వు, మాంసకృత్తులు, చివర్లో రవ్వంత జింకు. ఆ రవ్వంత లేకపోతే గాయం మానదు, నాలుకకు రుచి తెలియదు. ఆ జింకు ఇంజక్షన్లే ఎక్కడా దొరక్కుండా పోయాయి. సరఫరా చేసేవాణ్ణి అడిగితే "వచ్చేవారం మేడమ్" అంటాడు. వాడి వచ్చేవారం ఎప్పటికీ రాదు, వాడి నోట్లో మన్ను!

అందుకని అందరం కూర్చుని ఒక మాట అనుకున్నాం. ఉన్న కాస్తా నెలలు నిండని పసికందులకు. నోటితో ఎంతో కొంత తినే పెద్దవాళ్లకు మాత్రలు. అది తప్పని ఇప్పటికీ అనను. కానీ తింటున్నారో లేదో ఎవరు చూడాలి?

పేగు ఆపరేషనైన బస్సు డ్రైవరుగారిని ఫోన్లో అడిగితే "శుభ్రంగా తింటున్నా" అన్నారు. భార్య రోజూ సూపు కాచి తెస్తోంది కూడా. ఆయన సంచిలో జింకు ఆపేశాను. పొట్ట మీద గాయం మూసుకుంటే ఇంటికి పంపుతామన్నారు డాక్టరు. అది మూసుకోదే! పైగా మూతి చుట్టూ ఎర్రగా పొక్కింది.

ఒకరోజు లిఫ్టు దగ్గర ఆవిడ నవ్వుతూ, "మా ఆయన చోద్యం చూడమ్మా! నిన్న సూపులో ఉప్పే వెయ్యలేదు. ఇంటికెళ్లి మిగిలింది తాగితే తెలిసింది. ఈయనేమో అమృతంలా ఉందన్నాడు!" అంది.

ఆయనకి రుచే తెలియడం లేదా, అసలు తాగడమే లేదా? గబగబా ఆయన దగ్గరికి వెళ్లాను.

"పెద్దాయనా, నిజం చెప్పండి. తాగుతున్నారా?"

"నోట్లో పెడితే డోకొస్తుందమ్మా. మాత్రలూ అంతే, నిలవడం లేదు. ఆవిడ అటు తిరగ్గానే సింకులో పోసేస్తున్నా. తాగానంటే ఆ మొహం ఎంత వెలుగుతుందో! ఆవిడకి చెప్పకు తల్లీ."

చెప్పనక్కర్లేకపోయింది. ఆవిడ నా వెనకే వచ్చింది.

"నేను నవ్వడం కోసమా, గాయం ఇలా పెట్టుకు కూర్చున్నారు?" అని మంచం పట్టుకుని ఏడ్చింది.

ఆ పూటే జింకు మళ్లీ కలిపాను. అప్పటికే ఆలస్యమైంది, కుట్లు విడిపోయి మళ్లీ కోయాల్సి వచ్చింది. ఒక్కసారి పైకెళ్లి ఆయన తినడం చూసి ఉంటే! ఇప్పుడు ఎంత ఏడిస్తే ఏం లాభం?

ఆ రెండో ఆపరేషన్ మర్నాడు ఆవిడ సూపు డబ్బా పట్టుకుని నా గది ముందు నిలబడింది.

"ఆయన తాగగలిగే రోజుకి నా చెయ్యి కుదరాలిగా. ఆయన మాట ఇక నమ్మలేను. నువ్వైనా నిజం చెప్పమ్మా, ఉప్పు సరిపోయిందా?"

చెంచాడు నోట్లో పోసుకున్నాను. ఉప్పు కషాయం.

"సరిగ్గా సరిపోయిందమ్మా," అన్నాను.