కాకి మింగిన గింజ

చెర్రీవుడ్ పేట కాకులకు సిగ్గూ లేదు, ఎగ్గూ లేదు. చిప్స్ పొట్లం కనబడితే చాలు, పిలవని పేరంటానికి దిగిపోతాయి. అలాంటిది, గోపాలరావు పోయిన పదో రోజున బాల్కనీ గోడమీద పెట్టిన పిండాన్ని ఒక్కటంటే ఒక్కటీ ముట్టలేదు. ఎదురింటి కప్పుమీద వరసగా కూర్చుని చూస్తూ ఉండిపోయాయి.

ఆయన భార్య సత్యవాణి కా కా అని పిలిచి చూసింది. కాకి ముట్టలేదంటే పోయిన మనిషికి కోపం తీరలేదన్నమాట. తన భర్త కోపం ఎవరిమీదో ఆమెకు తెలుసు.

ఆర్నెల్ల కిందట ఆయన గుండెలో బియ్యపుగింజంత సెన్సర్ పట్టుబట్టి పెట్టించింది ఆమే. ఆస్పత్రివాళ్లు ఇంకా పరీక్షిస్తున్న కొత్త రకం అది. బ్యాటరీ ఉండదు. దానిమీద కంటికి కనబడని నానో పూత ఉంటుంది; గుండె కదలికే దానికి కరెంటు. గుండె కొట్టుకున్నంతసేపూ మంచం పక్కనున్న పెట్టెలో పచ్చదీపం, ఒక అంకె. ఆయన అంకె ఎప్పుడూ డెబ్బైరెండే.

"లోపల ఎవరో కూర్చున్నట్టుంది వాణీ, తీయించెయ్" అని ఆయన రోజూ పోరేవారు. ఇంకో నెల ఆగమనేది ఆవిడ. ఆ నెల తిరక్కుండానే పోయారు. దహనానికి ముందు ఆస్పత్రివాళ్లు దాన్ని తీసి చిన్న డబ్బాలో పెట్టి చేతికిచ్చారు.

పంతులుగారికి ఫోన్ చేస్తే, పోయినాయనకు తీరని కోరిక ఏదన్నా ఉంటే తీరుస్తామని చెప్పుకోమన్నారు. తీరని కోరిక! ఉన్నది అదొక్కటేగా. సత్యవాణి డబ్బా తెచ్చి, ఆ గింజను పిండం మీద పెట్టింది.

"తీయించేశానండీ. ఇదిగో, కళ్లారా చూసుకోండి."

ఒక కాకి దిగింది. ముందు గింజ మింగింది, తర్వాత అన్నం తింది. సత్యవాణి గోడ పట్టుకుని హాయిగా ఏడ్చింది.

మర్నాడు పొద్దున పెట్టెలో పచ్చదీపం వెలిగింది. అంకె మూడువందల పది. కూతురు అపర్ణ పకపకా నవ్వింది. "ఇట్స్ ఇన్ ద క్రో, మమ్మీ! ఆ సెన్సర్‌కి ఏ గుండె కొట్టుకున్నా ఒకటే." నిజమే, కాకి బాల్కనీ గోడమీదే ఉంది. ఆ రోజు నుంచి అది ఎక్కడికీ పోలేదు. నాలుగు రోజులకు అంకె రెండువందలకు దిగింది. వారానికి నూట పది. అపర్ణ నవ్వడం మానేసింది.

ఆదివారం మధ్యాహ్నం అంకె డెబ్బైరెండు దగ్గర ఆగింది.

కాకి బాల్కనీ తలుపు అద్దం దాకా వచ్చి, తన రొమ్ముమీది ఈకలు ఒక్కొక్కటే పీక్కుంటోంది. ఎర్రగా చర్మం బయటపడినా ఆగలేదు. పీకడం, తలెత్తి ఆమెను చూడడం. మళ్లీ పీకడం.

తీయించెయ్యమనే అడుగుతున్నారని సత్యవాణికి అర్థమైంది. ఈసారి నెల ఆగమనలేదు. ఫోన్ చేతిలోకి తీసుకుంది గానీ, ఎవరికి చెయ్యాలో తెలియలేదు.