షీటు మీద బంతి

హాతీరాం బ్రష్షును బల్ల పై అంచు నుంచి కింది అంచుకే లాగుతాడు. వెనక్కి తోస్తే బట్ట నూగు లేస్తుంది, లేచిన నూగు మీద బంతి దారి తప్పుతుంది. ఆ పొద్దున సగం లాగి ఆగాడు. మోకాలు పట్టుకుని నిలబడ్డాడు. మళ్లీ లాగాడు.

భద్రాచలంలో బ్రిడ్జి సెంటరు దాటాక, మేడ మీద ఉన్న పూల్ పార్లర్ అది. కింద కళావతి టిఫిన్ సెంటరు. పార్లరూ ఆమెదే; భర్త పెట్టి పోయాడు. ఉన్నది ఒకటే బల్ల. హాతీరాం దానికి మార్కరు. ఆట ఆటకూ బంతులు పేర్చడం, తప్పు పడితే చెప్పడం, సుద్ద పొడి తుడవడం అతని పని. దమ్మపేట దగ్గరి తండా నుంచి ఈ పనికి వచ్చినప్పుడు అతని మీసం నల్లగా ఉండేది.

పేర్చడానికి అతనికొక పద్ధతి ఉంది. చెక్క ట్రయాంగిల్‌లో బంతులు పోస్తాడు. వేళ్లతో ముందుకు నెడతాడు. తర్వాత తెల్లబంతి తీసుకుని ఒక్కో బంతి నెత్తిన టక్కున కొడతాడు. దెబ్బకు బంతి బట్టలోకి కాస్త దిగి, పక్కదాన్ని అంటుకుని కూర్చుంటుంది. కొత్తగూడెంలో ఒక ముసలి మార్కరు నేర్పిన పద్ధతి. ఈమధ్య అతని వేళ్లు వణుకుతున్నాయి. ట్రయాంగిల్ ఎత్తేటప్పుడు ఏదో ఒక బంతి జరుగుతుంది. మళ్లీ పేరుస్తాడు. ఆడేవాళ్లు ఆలోగా ఫోన్లు తీసి చూసుకుంటారు.

కళావతి కొడుకు నాగచైతన్య ఒక షీటు తెప్పించాడు. పాలకవరు కన్నా పలచన. బట్ట మీద పరిస్తే, వంగి చూస్తే తప్ప కనపడదు. అందులో బంతికొక రంధ్రం. బంతులు పెడితే వాటంతటవే అంటుకుని కూర్చుంటాయి. ఎవరి ఆటకు వాళ్లే పేర్చుకోవచ్చు.

దాని అర్థం కొడుకు చెప్పలేదు. ఇడ్లీ ప్లేటు చేతికిస్తూ కళావతే చెప్పింది.

"షీటు మంచిగుంటే ఇగ నువ్వు మెట్లెక్కుడు దేనికన్నా? ఊరికి పో. వదినె ఒక్కతే ఉంటది."

"దాని మీద బాల్ వంకర తిరుగుతదమ్మా," అన్నాడు హాతీరాం. తిరగడం అతను చూడలేదు.

"తిరిగితే తీసేస్తం. సాయంత్రం చిరంజీవి సార్ వస్తడు గద. ఆట మొత్తం షీటు ఉంచే ఆడుమంట. తిరిగిందనుకో, ఎప్పటిలెక్క నువ్వే పేర్చు."

హాతీరాం ఇడ్లీ తిని పైకెక్కాడు. రెండు మెట్లకోసారి ఆగాడు. పైన ఉండగా తండా నుంచి భార్య హేమ్లి ఫోను చేసింది. వాళ్లిద్దరూ తమ భాషలో మాట్లాడుకున్నారు. పామాయిల్ తోటలో పని లేదని, ఎప్పుడొస్తావని ఆమె అడిగింది. సాయంత్రం చెబుతానన్నాడు. ఎందుకు సాయంత్రమో చెప్పలేదు.

పగలంతా అతను ఒక బంతి వంకర తిరగడం కోసం ఎదురుచూశాడు. పర్ణశాల ట్రిప్పు ముగించుకున్న ఆటోవాళ్లు వచ్చి ఆడారు. చర్ల బస్సుకు ఇంకా టైముందని ఇద్దరు వచ్చి ఆడారు. షీటు పరిచిన వైపు బంతి వెళ్లినప్పుడల్లా హాతీరాం స్టూలు మీంచి సగం లేచాడు. జోరుగా వెళ్లే బంతికి షీటు ఉన్నట్టే తెలియలేదు. ఒక బంతి మెల్లగా వెళ్లి షీటు మూల ఎక్కింది, దిగింది, తిన్నగా పోయి పాకెట్‌లో పడింది. అతను కూర్చున్నాడు. మధ్యాహ్నం మెట్ల మీద జొన్నరొట్టె తిన్నాడు. సగం మళ్లీ కట్టిపెట్టాడు.

దీపాలు పెట్టే వేళకు చిరంజీవి వచ్చాడు. దుమ్ముగూడెం వైపు కోయగూడెం అతనిది. ఆశ్రమ పాఠశాలలో టీచరు.

"ఏం మార్కరన్నా, నీకు సవతొచ్చిందట గద?"

"వచ్చింది సార్. వంట రాదు దానికి."

చిరంజీవి నవ్వుతూ చొక్కా చేతులు మడిచాడు. అతనూ నాగచైతన్యా ఆటకు దిగారు. కళావతి తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ పైకొచ్చి గుమ్మంలో నిలబడింది. మొదటి దెబ్బకు బంతులన్నీ ఒక్క చప్పుడుతో చెదిరి బల్లంతా పరుచుకున్నాయి. హాతీరాం ఆ చప్పుడు గుర్తుపట్టాడు. ఒకప్పుడు తను పేరిస్తే అలాగే మోగేది.

ఆట చివరికొచ్చింది. చిరంజీవికి ఫోనొస్తే వరండాలోకి పోయాడు. నాగచైతన్య తల్లితో ఏదో మాట్లాడుతున్నాడు. బల్ల అంచున సుద్ద పొడి రాలి ఉంది. హాతీరాం టవలు తీసుకుని లేచి దాన్ని తుడిచాడు. పక్కనే షీటు, దాని మీద బంతి లేదు. గోరుతో అంచు లేపి, లాగి, టవల్లో మడిచి, వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. అక్కర్లేనిది ఏదీ బట్ట మీద ఉండనివ్వని చెయ్యి అది. ఆ ఒక్క ఆటకు షీటు ఉంచాలన్న మాట దానికి గుర్తులేదు.

చిరంజీవి వచ్చాడు. ఆఖరి బంతి. మెల్లగా కొట్టాడు. బంతి దొర్లుకుంటూ, ఆట ఆటకూ బంతులు పేర్చే చోటు మీదుగా వెళ్లింది. అక్కడ ఒక వేలంత పక్కకు జరిగింది. పాకెట్ అంచుకు తగిలి ఆగిపోయింది.

"సూసిన్రా? షీటు మీద తిరిగింది," అన్నాడు చిరంజీవి.

"అవ్ సార్, తిరిగింది," అన్నాడు నాగచైతన్య.

కళావతి హాతీరాం వైపు చూసింది. ఆమె ముఖంలో బరువు దిగినట్టయింది. "నువ్వన్నట్టే అయిందన్నా. రేపటి సంది నువ్వే పేర్చు."

హాతీరాం లేచాడు. అవునందామని నోరు తెరిచాడు. టవల్లో షీటు అరచేతికి గరగరమని తగిలింది.

ముగ్గురూ బల్లనే చూస్తున్నారు. టవలు అలాగే భుజాన వేసుకుంటే సరిపోయేది. అతను బల్ల దగ్గరికి నడిచి, బంతి తిరిగిన చోట అరచేయి పెట్టాడు. ఇన్నేళ్లూ అక్కడ బ్రష్షే నడిచింది, చెయ్యి పెట్టి చూసింది లేదు. వేళ్ల కింద గుంతలు తగిలాయి. బంతి కూర్చునే చోటల్లా ఒక గుంత. తెల్లబంతితో తను కొట్టిన దెబ్బలు.

టవలు విప్పి షీటు తీసి బల్ల గట్టు మీద పెట్టాడు.

"షీటు నా చేతులున్నదమ్మా. ఇందాకనే తీసిన."

నాగచైతన్య బంతిని మళ్లీ అదే దారిలో దొర్లించాడు. మళ్లీ అక్కడే తిరిగింది. వేలితో బట్టను తడిమి, "గుంతలున్నయ్ మమ్మీ," అన్నాడు.

"కొట్టి కొట్టి పడ్డయి," అన్నాడు హాతీరాం. "నేనే."

చిరంజీవి క్యూ కర్రకు సుద్ద రాస్తూ, ఇంకో ఆట ఆడదామని, మార్కరన్నే పేర్చాలని అన్నాడు. హాతీరాం ట్రయాంగిల్ వైపు పోలేదు. షీటు పరిచి, గుంతలకు అవతలగా జరిపి, బంతులు ఒక్కొక్కటే పెట్టాడు. వేళ్లు వణికాయి. చేతులు తీశాక ఒక్క బంతీ కదల్లేదు.

వాళ్లు ఆడుతుండగా ముఖం కడుక్కున్నాడు. సంచిలో చొక్కా, రొట్టె మూట పెట్టుకున్నాడు. బల్లకు కొత్త బట్ట వేయించాక ఒకసారి వచ్చి చూసి పొమ్మన్నది కళావతి. వస్తానన్నాడు. మెట్లు దిగుతూ హేమ్లికి ఫోను చేసి, సత్తుపల్లి బస్సెక్కుతున్నానని, రాత్రికి తనకూ రొట్టె చెయ్యమని చెప్పాడు.

పైన బంతులు చెదిరిన చప్పుడయింది. కిటికీ పక్కన మేకుకు చెక్క ట్రయాంగిల్ వేలాడుతోంది. బొటనవేళ్లు ఆనే రెండు చోట్లా చెక్క అరిగిపోయింది. ఫ్యాను గాలికి అది గోడకు తగులుతూ, ఆగుతూ, మళ్లీ తగులుతూ ఉంది.