ముందు కర్ర

కొండవాలున పెట్టిన తెల్లరాయిని పెళ్లికొడుకు తరఫువాళ్లు తుపాకీతో పేలిస్తేనే పెళ్లికూతురు గడప దాటుతుంది. ఆ పఠాన్ల ఊళ్లలో ఆచారం అది. అన్న మీర్‌వలీ కళ్లకు పొర కమ్మడంతో, ఆయన కొడుకు పెళ్లిలో గురిపెట్టే పని తమ్ముడు తోర్‌బాజ్ మీద పడింది. పడటమేమిటి, అడిగి మరీ తీసుకున్నాడు.

తండ్రి వదిలివెళ్లిన ఇంగ్లీషువాళ్ల కాలపు రైఫిలుతోనే కొట్టాలని అతని పట్టు. తండ్రి ఆజానుబాహువు. తోర్‌బాజ్ పొట్టి. తుపాకీ వెనక ఉండే ఆ పొడవాటి మడమ కర్రను భుజానికి ఆనిస్తే వేలు ట్రిగ్గరుకు అందదు.

"అల్లా నన్ను సరిగ్గానే కొలిచి చేశాడు లాలా, తుపాకీ చేసినవాడే కొలవలేదు," అని అన్నతో అంటూ బజారులో కొన్న పొట్టి మడమ కర్రను ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆ తుపాకీకి కర్ర రెండు ముక్కలు: గొట్టం కింద ముందు కర్ర, వెనక మడమ కర్ర. మడమ కర్రను పట్టి ఉంచే పొడుగాటి మర వెనకనుంచి లోపలికి పోతుంది.

"ముందు కర్ర విప్పి గాని దాని జోలికి వెళ్లకు. నాన్న అలాగే చేసేవాడు," అన్నాడు మీర్‌వలీ.

"చెప్పులు విప్పడానికి తలపాగా తీస్తామా లాలా?"

అడిగింది న్యాయమే. కానీ మర కొస ముందు కర్రలోని రేకులో ఇరుక్కుని ఉంటుందని అతనికి తెలియదు. బిస్మిల్లా అని బలంగా తిప్పాడు. ముందు కర్ర టప్పున చీలింది.

"తలపాగా చిరిగినట్టుంది," అన్నాడు మీర్‌వలీ.

తోర్‌బాజ్ కంగారుపడలేదు. పొట్టి మడమ బిగించి, చీలిక చుట్టూ తడి తోలుపట్టీ గట్టిగా కట్టాడు. తోలు ఎండి బిగుసుకోవాలని, పెళ్లికూతురి ఊరిదాకా దారి పొడవునా దాన్ని ఎండకు పట్టుకునే నడిచాడు.

మొదటి గుండు రాయికి ఎడమవైపు కొంత దూరంలో దుమ్ము లేపింది. మిద్దెలమీద పెళ్లికూతురి తరఫువాళ్ల నవ్వులు.

"పిల్ల కావాలా, మట్టి కావాలా?"

"పరువు పోతోందిరా. ఇంకెవరికైనా ఇచ్చెయ్," గొణిగాడు మీర్‌వలీ.

"గురి ఎటు వంకరపోతోందో ఆ గుండే చెప్పింది లాలా. ఇక నాకొదిలెయ్."

ఈసారి రాయికి అంతే దూరం కుడివైపు గురిపెట్టాడు. రాయి తునాతునకలైంది. డోళ్లు మోగాయి.

పెళ్లికూతురి తండ్రి సాహిబ్‌జర్ వచ్చి తోలుపట్టీని తడిమి చూశాడు.

"ముందు కర్ర విప్పలేదా?" అన్నాడు గొంతు తగ్గించి.

"లేదు."

"మా ఇంట్లోనూ ఒకటి ఇలాగే చీలింది. రాగితీగ చుట్టాం."

"ఎవరు చీల్చారేమిటి?"

సాహిబ్‌జర్ దగ్గి, జనంవైపు తిరిగాడు. "గడప దగ్గర అడ్డం తప్పుకోండయ్యా! అమ్మాయి వస్తోంది."