డాక్టరు గారు చెప్పారు

మా నల్లపాడులో ఒళ్ళు నొప్పులొస్తే ఎవరూ మందు అడగరు, సెట్టు అడుగుతారు. బజ్జీల బండి దగ్గర ప్లేటు చెప్పినంత తేలిగ్గా "నాకో సెట్టు కట్టండి" అంటారు. కౌంటరు వెనకాల మనిషి నాలుగైదు డబ్బాల్లోంచి రకానికో మాత్ర తీసి, కాగితంలో చుట్టి, పూటకొకటి చొప్పున చేతిలో పెడతాడు. ఏ మాత్ర దేనికని అడిగేవాళ్ళు లేరు, చెప్పేవాళ్ళూ లేరు. సాయంత్రానికి నొప్పి పోతే సెట్టు కట్టినవాడు దేవుడైపోతాడు.

నేను బీఫార్మసీ చదివాను. వీరబాబు మెడికల్ షాపులో గోడకు వేలాడిన సర్టిఫికెట్టు నాదే. మామూలుగా సర్టిఫికెట్టు షాపులో, దాని తాలూకు మనిషి ఇంట్లో ఉండటం మా వైపు ఆచారం. మందుల ఇన్‌స్పెక్టరు వస్తే "ఇప్పుడే భోజనానికి వెళ్ళారండీ" అంటారు. ఆ భోజనం ఏళ్ళ తరబడి సాగుతుంది. నేను మాత్రం పనీపాటా లేనిదానిలా రోజూ వెళ్ళి కూర్చునేదాన్ని. నా మీద వీరబాబుకున్న మొదటి ఫిర్యాదు అదే.

రెండో ఫిర్యాదు చిన్న తెల్ల మాత్ర గురించి. అది స్టెరాయిడ్. డాక్టరు చూసి, అవసరమైనవాళ్ళకి, అవసరమైనన్నాళ్ళు ఇస్తే ప్రాణం నిలబెట్టే మందు. వీరబాబు దాన్ని కరివేపాకులా ప్రతి సెట్టులోనూ వేసేవాడు. మిరప యార్డులో పొద్దస్తమానం నేల మీద కూర్చుని కాయలకు తొడిమలు తీసే ఆడవాళ్ళు నడుం పట్టేసిందని వచ్చేవాళ్ళు. ఆ మాత్ర పడితే మర్నాడు దిటవుగా లేచి పనిలోకి పోయేవాళ్ళు. అలా నెలల తరబడి మింగితే మొహం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. మొహం ఉబ్బితే మావాళ్ళు దాన్ని కూడా "ఒళ్ళు చేసి కళొచ్చింది" అని మెచ్చుకుంటారు.

"ఆ మాత్ర నేను కట్టను" అన్నాను వీరబాబుతో.

"మనం కట్టకపోతే పక్క షాపోడు కడతాడు మేడమ్. నొప్పి తగ్గకపోతే ఈళ్ళు మళ్ళీ నా మొహం చూస్తారా? మీరు కట్టొద్దులెండి, కుర్చీలో కూర్చోండి చాలు. కూర్చోకపోయినా పర్లేదు."

ఆ ఆఖరి మాట నన్ను బాగా పొడిచింది. గోడ మీది సర్టిఫికెట్టు దింపి సంచిలో పెట్టుకుని వచ్చేశాను. కొన్నాళ్ళకు అదే మేకుకు వేరేవాళ్ళ సర్టిఫికెట్టు వేలాడింది. ఆ మనిషి నల్లపాడు మొహం చూశాడో లేదో నాకు అనుమానమే.

ఇంట్లో కూర్చున్న నాకు హైదరాబాదు కంపెనీ ఒకటి దొరికింది. ఫోన్లో చదువుకునే ఆరోగ్య వ్యాసాలు, నిమిషంలో అయిపోయే వీడియోలు వాళ్ళ వ్యాపారం. మందుల సంగతి తెలిసి, తెలుగు రాయగలిగినవాళ్ళు కావాలన్నారు. నిజం చెప్పొద్దూ, ఆ పని నాకు నచ్చింది. షాపులో నా మాట వినడానికి ఎవరికీ తీరిక ఉండేది కాదు. ఇక్కడ రాస్తే లక్షలమంది చదువుతారట. కాకపోతే పేరు నాది ఉండదు. నేను రాసినదాని పైన డాక్టర్ ప్రణీత్ అనే ఆయన ఫొటో వేస్తారు. వీడియోల్లో తెల్లకోటు వేసుకుని చదివేదీ ఆయనే. మోకాళ్ళ నొప్పులు, మూత్రంలో రాళ్ళు, పసిపిల్లల విరేచనాలు, అన్నీ ఆయన నోటమ్మటే వస్తాయి. ఆయన అసలు పని బట్టతల మీద జుట్టు నాటడం.

నేను షాపులో ఉన్నన్నాళ్ళూ మా అమ్మ మాబూబీకి ఆ తెల్ల మాత్ర దొరకలేదు. నేను బయటికి రాగానే దారి తెరుచుకుంది. ఆమె కూడా యార్డులో తొడిమలు తీస్తుంది. వీరబాబు దగ్గర సెట్టు తెచ్చుకుని నాకు కనపడకుండా వేసుకునేది. ఆమె బుగ్గలు నిండి మొహం గుండ్రంగా అయ్యేసరికి నాకు అనుమానమొచ్చింది. సంచి వెతికితే కాగితం పొట్లాలు బయటపడ్డాయి. అప్పటికే నెలలు గడిచిపోయాయి.

"ఇది మంచిది కాదమ్మా. అట్టని ఒక్కసారిగా మానెయ్యనూ కూడదు. ఇన్నాళ్ళూ బయట్నుంచి మింగేసరికి, ఒంట్లో సొంతంగా తయారవ్వాల్సింది తయారవడం మానేసి ఉంటుంది. ఉన్నట్టుండి ఆపితే పడిపోతావు. డాక్టరు దగ్గరికి పోదాం, కొంచెం కొంచెంగా తగ్గిస్తాడు" అన్నాను.

"వేసుకోవద్దంటావు, మానొద్దంటావు. నువ్వేమన్నా డాక్టరువా ఏందే? షాపులో మాత్రలమ్మావు, ఆ పనీ నిలుపుకోలా. ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఏందో రాసుకుంటన్నావు. కాయలు దిగే రోజుల్లో నేను ఆసుపత్రి చుట్టూ తిరిగితే మేస్త్రి నా చోటు ఇంకోళ్ళకిస్తాడు."

బతిమాలాను, అరిచాను, అన్నం మానేశాను. ఆమె ఒక్క ముక్క చెవిన పెట్టలేదు. నా మాట మా ఇంటి గడపే దాటదని నాకప్పుడు అర్థమైంది.

ఆ ఉక్రోషంలోనే తెల్ల మాత్ర మీద వ్యాసం రాశాను. మా అమ్మ ఎదురుగా కూర్చుందనుకుని, ఆమెకు అర్థమయ్యే మాటల్లో రాశాను. అందులో ఒక్క వాక్యం కోసం పూటంతా కుస్తీ పట్టాను: నెలల తరబడి వేసుకున్నవాళ్ళు సొంతంగా ఒక్కసారి మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది, డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించుకోవాలి. ఆ వాక్యం లావు అక్షరాల్లో వెయ్యమని భవ్యకు మరీ మరీ చెప్పాను. కంపెనీలో నా రాతలు దిద్దే అమ్మాయి భవ్య. "సూపర్ అక్కా, దీన్ని వీడియో కూడా చేద్దాం" అంది.

అది పంపించి పొదిలి వెళ్ళాను. మా చెల్లెలు ఉజ్మాకు అక్కడ పురుడు. యార్డు వదిలి రాలేనని అమ్మ నన్నే పంపింది. పిల్లాడికి స్నానం చేయిస్తూ, చెల్లెలికి పత్యం వండుతూ ఉండగా ఒక మధ్యాహ్నం సుబ్బరావమ్మ ఫోన్ చేసింది. ఆమె మా పక్కింటావిడ, అమ్మ పక్కనే కూర్చుని తొడిమలు తీస్తుంది.

"నస్రతూ, మీ అమ్మ యార్డులో పడిపోయిందే. రెండ్రోజుల్నుంచి ఒకటే వాంతులు. లేస్తే కళ్ళు తిరుగుతన్నాయంది. ఎండ దెబ్బేమో అనుకున్నాం. ఆటోలో గుంటూరు ఆసుపత్రికి తీసుకుపోతన్నాం."

"పిన్నీ, అమ్మ ఆ తెల్ల మాత్ర వేసుకుంటోందా?"

"అది మానేసిందిగా. డాక్టరు గారు చెప్పారని మొత్తం తీసి కాలవలో పారబోసింది. నేనూ మానేద్దామనుకున్నా గానీ, నా నడుం ఒప్పుకోలా."

ఆసుపత్రిలో దిగగానే ఆ మాత్ర సంగతి చెప్పమని ఆమె చేత నాలుగుసార్లు అనిపించి, బస్సెక్కాను. దారి పొడుగునా ఏ డాక్టరు, ఎక్కడి డాక్టరు అని తల బద్దలు కొట్టుకున్నాను. మా అమ్మను నేనెంత లాగినా ఏ డాక్టరు గడపా తొక్కలేదు మరి.

నేను వెళ్ళేసరికి అమ్మకు సెలైన్ ఎక్కుతోంది. ఇంజెక్షన్లు ఇచ్చారు. కళ్ళు తెరిచింది. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్నపిల్ల, కానీ గట్టిది.

"ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవారు కాదు. ఆ మాత్ర సంగతి చెప్పబట్టి సరిపోయింది. ఇలా ఒక్కసారి ఆపమని ఎవరు చెప్పారమ్మా మీకు?" అని అడిగింది.

అమ్మ దిండు కింద నుంచి ఫోన్ తీసి నా చేతికిచ్చింది. "చూపించు. పెద్ద డాక్టరు గారు చెప్పారు."

డాక్టర్ ప్రణీత్ తెల్లకోటులో నవ్వుతూ వచ్చారు. వెనకాల సంగీతం. ఆయన నోట్లోంచి ఒక్కో మాటా నాదే. "మీ చేతిలో ఉన్న ఆ చిన్న తెల్ల మాత్రను ఒకసారి చూడండమ్మా" అన్నది నాది. ఉబ్బిన మొహాన్ని కళ అనుకోవద్దన్నది నాది. చివర్లో ఆయన వేలు చూపించి, "ఈ రోజే మానెయ్యండి" అన్నారు. అది నాది కాదు. నేను పూటంతా కుస్తీ పట్టిన వాక్యం ఎక్కడా లేదు. ఎక్కడో ఉండకపోతుందా అని మళ్ళీ చూశాను, మళ్ళీ చూశాను.

డాక్టరమ్మ తల కొట్టుకుని, "ఎవరు రాస్తారండీ ఇవన్నీ?" అంది.

వరండాలోకి వచ్చి భవ్యకు ఫోన్ చేశాను.

"అక్కా, అది నిమిషం వీడియో కదా. మానెయ్యండి అని చెప్పి, వెంటనే మానకండి అంటే జనం కన్ఫ్యూజ్ అవుతారు. మెసేజ్ సింపుల్‌గా ఉండాలి. కానీ అక్కా, మన వీడియోల్లో ఇప్పటిదాకా ఇదే టాప్."

"మా అమ్మ చావుదాకా వెళ్ళొచ్చింది భవ్యా. దాన్ని తీసెయ్యి."

"సారీ అక్కా. మా పైవాళ్ళతో మాట్లాడతాను. ఈలోపు ఆ వాక్యం కింద కామెంట్లో పెట్టిస్తాను" అంది. మా అమ్మ లాంటివాళ్ళు కింద కామెంట్లు చదివి బతుకుతారు కాబోలు.

నాలుగైదు రోజులకు ఇంటికి పంపించారు. అదే మందు, కొలతగా, వారం వారం తగ్గిస్తూ వేసుకోవాలని రాసిచ్చారు. ఒక్క రోజు కూడా తప్పకూడదని డాక్టరమ్మ నాకు ప్రత్యేకంగా చెప్పింది. ఇంట్లో తొలిరోజు పొద్దున మాత్ర చేతిలో పెట్టగానే అమ్మ దాన్ని గుర్తుపట్టింది.

"ఇది అదేగా. తెల్లది."

"అదేనమ్మా. కానీ ఇప్పుడు వేసుకోకపోతే మళ్ళీ పడిపోతావు."

"డాక్టరు గారు విషమన్నారు. ఆ ఆసుపత్రి పిల్లకేం తెలుసు, నిన్నగాక మొన్న చదువైనట్టుంది. ఈయన ఫోన్లో ఊరూరికీ చెప్తన్నారు." అంటూనే నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది. నేను అటు తిరగ్గానే పమిట కొంగులోకి ఉమ్మింది.

రెండోది ఇచ్చాను. పెదాలు బిగించింది. గంటలు గడుస్తున్నాయి. ఆమె మంచం దిగబోయి తూలింది. మాత్ర కడుపులో పడకపోతే ఈసారి ఆసుపత్రి దాకా వెళ్తామో లేదో అని భయమేసింది. ఇక దాచలేకపోయాను.

"అమ్మా, ఆ మాటలు ఆయనవి కావు. నేను రాసినవి. ఆయన చదివాడంతే. ఒక్కసారిగా మానొద్దని కూడా రాశాను, వాళ్ళు తీసేశారు."

అమ్మ నన్ను జాలిగా చూసింది. "అంత పెద్ద డాక్టరు నీ చేత రాయించుకుంటాడటే? ఊరుకో నస్రత్, ఎవరన్నా వింటే నవ్విపోతారు."

ఒళ్ళు మండిపోయింది. ఆ మంటను దిగమింగి మళ్ళీ భవ్యను పట్టుకున్నాను. ఆ అమ్మాయి ఎలాగో డాక్టర్ ప్రణీత్‌ను లైన్లోకి తెచ్చింది. ఆయన్ని కడిగేద్దామని సిద్ధంగా ఉన్నాను. ఆయన చూస్తే మర్యాదస్తుడు.

"అయ్యో, వెరీ సారీ అండి. నాకిచ్చింది నేను చదివేస్తాను, అంతే. మీ అమ్మగారితో తప్పకుండా మాట్లాడతాను. ఏం చెప్పాలో కొంచెం రాసి పంపించరా? నా తెలుగు అంతంత మాత్రం."

రాయకేం చేస్తాను? వంటింట్లో నిలబడి ఫోన్లో రాసి పంపించాను. ఈసారి ఎవరూ కత్తిరించకుండా చూసుకున్నాను. అమ్మ మంచం పక్కన కూర్చుని స్పీకరు పెట్టాను. ఆయన కంఠం గదంతా నిండింది.

"మాబూబీ అమ్మా, నమస్కారం. నేను డాక్టర్ ప్రణీత్‌ని. మీరు నా మాట మీద ఆ మాత్ర మానేశారని తెలిసింది. నేను సగమే చెప్పాను, తప్పు నాదే. ఇప్పుడు ఆసుపత్రిలో ఇచ్చింది మీరు వేసుకోవాలి, వాళ్ళు చెప్పినట్టే తగ్గించుకోవాలి. రోజంతా మిరపకాయల తొడిమలు తీసి, ఆ కారం మంటకి రాత్రిళ్ళు చేతులు నీళ్ళగిన్నెలో పెట్టుకుని పడుకుంటారని నాకు తెలుసు. ఆ కష్టంతోనే ఇద్దరు ఆడపిల్లల్ని చదివించారు. మీరు లేకపోతే వాళ్ళకి ఎవరున్నారమ్మా? నా కోసం ఈ మాత్ర వేసుకోండి."

ఆయన బాగా చదివారు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగారు. అమ్మ ఫోనుకు రెండు చేతులూ జోడించింది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. నా అరచేతిలోంచి మాత్ర తనే తీసుకుని, బిస్మిల్లా అనుకుని మింగింది. నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపించింది కూడా.

ఫోన్ పెట్టేశాక కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"చూశావా, గిన్నెలో చేతులు పెట్టుకునే సంగతి కూడా ఆయనకి తెలుసు. ఎక్కడో హైదరాబాదులో ఉన్న మనిషి. నువ్వు ఇంట్లోనే ఉంటావు, ఒక్క రోజన్నా అడిగావా? ఆ బాబుని కన్నతల్లి అదృష్టవంతురాలే నస్రత్."