అందరూ ఆహ్వానితులే

లక్షమంది చూసిన వీడియోకి ఒక్కరంటే ఒక్కరు రాకపోవడం ఎలా కుదురుతుంది, లెక్క ప్రకారం కుదరదు, వందలో ఒకరు కదిలినా ఈపాటికి షామియానా కింద చోటు చాలక తోసుకుంటూ ఉండాలి, ఇప్పుడేమో ముందు వరస కుర్చీ కింద కుక్క పడుకుంది, అదిలిద్దామనుకుని మళ్ళీ ఊరుకున్నాను, పోనీ దానికైనా రావాలనిపించింది, పొద్దున్నే రాజమండ్రి నుంచి పరీక్షల వ్యానుతో పాటు వచ్చి బ్యానరు కట్టించి నీళ్ళ క్యాన్లు పెట్టించి పంచాయతీ ఆఫీసు పక్కన ఈ ఖాళీ జాగాలో నిలబడ్డాను, డాక్టరు ప్రసన్నలక్ష్మి గారు వ్యాను మెట్టు మీద కూర్చుని మళ్ళీ టీ తాగుతున్నారు, ఆవిడ ఒక్క మాటా అనరు, అదే నా ప్రాణం మీదకొస్తోంది, ఒక తిట్టు తిడితే బాగుండు, ఏమ్మా హేమశ్రీ, ఊళ్ళో ఆడవాళ్ళకి తెలుసు కదా అని మాత్రం అడిగారు, తెలుసండి అన్నాను, తెలియకేం, ఊరందరి ఫోన్లలోనూ నా మొహమే, రొమ్ములో గడ్డ చేతికి తగిలితే దాచుకోకండి అక్కా, ఐదు నిమిషాల పరీక్ష, పైసా ఖర్చు లేదు, అందరూ ఆహ్వానితులే, అని నవ్వుతూ చెప్పాను, వెనకాల సన్నగా వీణ కూడా పెట్టాను, ఛ, వీణొకటి నా మొహానికి.

మహేంద్ర ఇది చూస్తే పొట్ట పట్టుకుని నవ్వుతాడు, వాడి ప్రకటనల ఆఫీసులో కూర్చుని పట్టుచీరల కొట్టుకి ఎన్ని రీల్స్ చేశానో, డిస్కౌంటు ఈ ఒక్కరోజే అని రోజూ చెప్పేదాన్ని, నిన్న చెప్పిన నోటితోనే ఇవాళా చెప్పేదాన్ని, అయినా సాయంత్రానికి ఆ కొట్టు ముందు స్కూటరు పెట్టడానికి జాగా ఉండేది కాదు, ఆ జనమే కదా ఈ జనం, ఆ ఆడవాళ్ళే కదా వీళ్ళు, చీరకి పరిగెత్తిన కాళ్ళు ప్రాణానికి కదలవా, మానేస్తానని చెప్పిన రోజు మహేంద్ర ఏమన్నాడు, సేవ చేస్తావా, చెయ్యి తల్లీ చెయ్యి, విసుగొచ్చాక తిరిగి రా, నీ కుర్చీ ఎవరికీ ఇవ్వనులే అన్నాడు, ఆ కుర్చీ ఇప్పుడు గుర్తొస్తోంది, దాని కింద కుక్కలుండవు, ఈ క్యాంపులు నడిపే ట్రస్టులో ఉదయభాస్కర్ గారు నన్ను చేర్చుకునేటప్పుడు, జనాన్ని రప్పించడం నీకు తెలుసమ్మా, మాకు తెలియంది అదొక్కటే అన్నారు, నేను పొంగిపోయాను, మొదటి క్యాంపు మా ఊళ్ళోనే పెడదామండి అన్నాను, ద్రాక్షారామం దాటాక కాలవ గట్టు మీదుగా వస్తే మా నాన్న పుట్టిన ఊరు, నా మాట కాదనరు అన్నాను, ఇవాళ ఎవరూ రాకపోతే వ్యాను ఇంక ఈ గట్టెక్కదు, రమ్మని అడిగే ఊళ్ళు బోలెడున్నాయి, తప్పు ట్రస్టు వాళ్ళది కాదు.

అమ్మయ్య, వస్తున్నారు, అదిగో వీధి మలుపులో పట్టుచీరలు, ఇంతమందే, దేవుడా, తలల్లో కనకాంబరాలు, పరీక్షకి ఇంత ముస్తాబు ఎందుకబ్బా అనుకుంటూనే ఎదురెళ్ళాను, ముందు నడుస్తున్న వీరవేణి అత్త నా బుగ్గ పుణికి, ఎంత బాగా చేశావే వీడియో, మా కోడలు వాళ్ళ పుట్టింటికి కూడా పంపింది అంది, అంటూనే దాటిపోయింది, మిగిలినవాళ్ళూ నవ్వి దాటిపోయారు, చంద్రరావు గారి కోడలికి సీమంతమట, పక్క వీధిలోనట, నాకు ఒళ్ళు మండిపోయింది, దానికి తీరిక ఉంది, గాజులు తొడిగించుకోవడానికి ఉంది, దీనికే లేదు, ఆ సీమంతానికి ఏ వీడియో చేశారు, ఏ బ్యానరు కట్టారు, ఎవరు చెప్పారని ఇంతమంది ఒకేసారి బయల్దేరారు, మూర్ఖులు, లైకు కొట్టడానికి బొటనవేలు లేస్తుంది గానీ కాలు లేవదు, డాక్టరు గారు టీ గ్లాసు పక్కన పెట్టి, భోజనాల వేళ దాకా చూసి సర్దేద్దామా అమ్మా అన్నారు, ఎంతో మెత్తగా అన్నారు, ఏడుపొచ్చింది.

నీళ్ళ క్యాన్లు ఎండకి వేడెక్కిపోయాయి, సూర్యకళ పిన్ని ఇల్లు మూడో సందులోనే, చల్లటి నీళ్ళు తాగుదామని నడిచాను, నడుస్తుంటే కోపం పిన్ని మీదికి మళ్ళింది, ఊళ్ళోవాళ్ళు సరే, సొంత బాబాయి భార్య, తనైనా రావద్దా, బాబాయి పోయాక ఒక్కతే ఉంటోంది, పనేముంటుంది, చూడు, అరుగు మీద కూర్చుని గోంగూర ఒలుచుకుంటోంది, నన్ను చూసి మొహం చాటంత చేసుకుని లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చింది, గుక్క తిప్పుకోకుండా తాగి, వీడియో చూశావా పిన్నీ అన్నాను, చూడకేం, రోజూ చూస్తున్నాను, ముద్దొచ్చావు అంది, మరి రాలేదేం అన్నాను, గొంతు కాస్త లేచింది, పిన్ని ఏమీ నొచ్చుకోలేదు, పిలవందే ఎలా వస్తానే అంది, అదేంటి పిన్నీ, అందరూ ఆహ్వానితులే అని అంత గట్టిగా చెప్పాను కదా అన్నాను.

అందర్నీ పిలిచావమ్మా, నన్ను పిలవలేదుగా, అంది.

అంత మామూలుగా అంది, అలా మీటింగుల పోస్టర్ల మీదా రాస్తారే, మనం వెళ్తామా ఏంటి, గుమ్మంలోకొచ్చి బొట్టు పెట్టి ఫలానా రోజు రండమ్మా అంటేనే కదా ఎవరైనా కదిలేది, వీరవేణి వాళ్ళు మాత్రం చంద్రరావు గారింటికి ఊరికే వెళ్ళారా, నిన్న సాయంత్రం ఇంటింటికీ వచ్చి పిలిచి వెళ్ళారు అంది, మరి నువ్వెళ్ళలేదే అనబోయి ఆగాను, ఆగనక్కర్లేకపోయింది, తనే చెప్పింది, మీ బాబాయి పోయాక నన్నెవరు పిలుస్తారే, పక్కింటి దాకా వచ్చి ఇటు తిరక్కుండా వెళ్ళిపోతారు, ఆ మాటలు వినబడకుండా నేను లోపలికెళ్ళి కుళాయి తిప్పుకుంటాను, పిలవని చోటికి వెళ్ళకూడదులే అని అలవాటైపోయింది, పరీక్షైనా పేరంటమైనా ఒకటే అంది, గోంగూర కాడలు ఒక పక్కకి తోసింది, పైట సర్దుకుంది, నావైపు చూడకుండా, నీ వీడియో చూశాకే తడుముకున్నానే, ఉంది, రేగిపండంత, అంది.

గ్లాసు అరుగు మీద పెట్టేసి, పిన్నీ, నిన్ను పిలవడానికే వచ్చాను, నాతో రా, అన్నాను, శుద్ధ అబద్ధం, దాహమేసి వచ్చాను, కానీ పిన్ని మొహం ఎలా అయిందో చూడలేకపోయాను, నిజంగానా, ఉండు చీర మార్చుకుని వస్తాను, ఈ నేత చీరతో రానా అంటూ కంగారుగా లోపలికెళ్ళింది, డాక్టరు గారికి ఫోను చేసి, వస్తున్నామండి, సాయంత్రం దాకా ఆగండి, సీమంతం అయ్యాక ఇంటింటికీ వెళ్ళి పిలుచుకొస్తాను, ఎవరూ బొట్టు పెట్టి పిలవనివాళ్ళింటికి ముందు వెళ్తాను అన్నాను, ఆవిడకి ఏం అర్థమైందో సరేనమ్మా అన్నారు, ఫోను చేతిలో ఇంకా టింగుమంటూనే ఉంది, ఎవరో వీడియోకి దండం బొమ్మలు పెడుతున్నారు, విసిరి కొడదామనిపించింది, ఎవరి మీద ఈ కోపం, ఊరి మీదా, బొట్టు మీదా, నా మీదా, లోపల బీరువా తలుపు కిర్రుమంది, పిన్ని చీర వెతుక్కుంటోంది, గడ్డ ఉందని తెలుసు, దాచుకుంటే ఏమవుతుందో నేనే నవ్వుతూ చెప్పాను కాబట్టి అదీ తెలుసు, డాక్టరు మూడు సందుల అవతల ఖాళీగా కూర్చుందనీ తెలుసు, అన్నీ తెలిసీ గోంగూర ఒలుచుకుంటూ కూర్చుంది, ఆ క్యాన్లలో నీళ్ళు చల్లగా ఉండుంటే నేను వచ్చేదాన్ని కాదు, వ్యాను వెళ్ళిపోయేది, పిన్ని నా వీడియో రోజూ చూసుకుంటూ, ముద్దొచ్చానని మురిసిపోతూ, ఎవర్నీ ఇబ్బంది పెట్టకుండా, పిలవలేదు కదా అని మర్యాదగా చచ్చిపోయేది.